ప్రమాదానికి ముందే వైకల్యం ఉంటే భవిష్యత్ ఆదాయ నష్టంలో కోత వేయవచ్చా?

పెన్నాతీరం: ఒంగోలులో దర్జీ పని చేసే మా తోడల్లుడికి చిన్ననాడే పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది, సదరం వైకల్య ధ్రువపత్రంలో 60 శాతం అని ఉంది. నిరుడు లారీ గుద్ది కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి. 60 శాతం ముందే పోయింది కనుక మిగిలిన 40 శాతానికే ఆదాయ నష్టం కట్టాలని బీమా కంపెనీ వకీలు ట్రిబ్యునల్లో వాదిస్తున్నారు. ఇది న్యాయమేనా?

కావలి వకీలు: ఆ వాదనను కొట్టిపారేయలేము. డ్రైవరు నిర్లక్ష్యానికి లారీ యజమాని బాధ్యుడు గాని, పోలియోకు కాడు.

పెన్నాతీరం: పోలియోకు డబ్బు ఎవరడిగారు? ఆ కాలుతోనే, మిషనుకు మోటారు బిగించుకుని, ఎడమ పాదంతో నొక్కుతూ నెలకు 15,000 సంపాదించాడు. పోలియో వల్ల తగ్గవలసినదేదో ఆ 15,000లోనే తగ్గిపోయింది; మళ్ళీ శాతం పేరుతో కోస్తే ఒకే లోటుకు రెండు కోతలు. వయసు 34 కనుక సరళా వర్మ తీర్పు (2009) ప్రకారం గుణకం, అంటే ఏడాది ఆదాయాన్ని హెచ్చవేయవలసిన సంఖ్య, 16. ప్రణయ్ సేథీ తీర్పు (2017) ప్రకారం, స్వయం ఉపాధిలో ఉన్నవాడు కనుక, భవిష్యత్ పెరుగుదలకు 40 శాతం కలపాలి. సంపాదన పూర్తిగా పోయినట్టు లెక్కిస్తే, నెలకు 21,000 చొప్పున మొత్తం 40,32,000 అవుతుంది. కంపెనీ లెక్కలో అది 16,12,800.

కావలి వకీలు: ప్రణయ్ సేథీ మరణించినవారి కేసు.

గూడూరు: శాశ్వత వైకల్యానికీ ఆ పెరుగుదల కలపాలని 2020లో పప్పు దేవ్ యాదవ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

చీమకుర్తి: క్వారీలో మా నాన్నగారి కాలు పోయినప్పుడు డాక్టరు వేసిన శాతమే చూశారు, ఆయన మళ్ళీ రాయి దగ్గరికి పోలేడన్నది ఎవరికీ పట్టలేదు. ఈ శాతాల మీద నాకు నమ్మకం లేదు.

కావలి వకీలు: శాతమే సర్వస్వం కాదని రాజ్ కుమార్ కేసులో (2010) సుప్రీంకోర్టే అన్నది. ఎడమచెయ్యి పోతే వడ్రంగి సంపాదన దాదాపు పూర్తిగా పోవచ్చు, ప్రభుత్వ గుమాస్తా ఉద్యోగం నిలవవచ్చు. ఆ లెక్కన ఈయన పనివాళ్ళను పెట్టి దుకాణం నడుపుకోవచ్చు.

పెన్నాతీరం: కత్తెరలో దూరేది బొటనవేలండీ! కాళ్ళు రెండూ బాగున్న దర్జీ గురించి ఈ మాట అనేవారా? అవిటివాడి కష్టం మీకు మొదటినుంచీ చవకగానే కనబడుతోంది.

కావలి వకీలు: నిందలు వద్దు. మీ బంధువు సంపాదన కళ్ళెదుట ఉంది కాబట్టి రెండు కోతల మాట ఒప్పుకుంటాను. ఇంకా సంపాదన మొదలుపెట్టని చెవిటి ఆడపిల్లకు ప్రమాదం జరిగితే ఏం చేస్తారు? లోకం ఆమెకు నిజంగా ఇవ్వబోయే జీతం లెక్కిస్తారా, ఇవ్వవలసిన జీతమా? లోకం చేసే అన్యాయానికి లారీ యజమాని ఎందుకు కట్టాలి?

పెన్నాతీరం: కట్టకపోతే ఆ అన్యాయం ఆయనకు లాభంగా మారుతుంది, నా అభ్యంతరమంతా అదే. కాజల్ కేసులో (2020) 12 ఏళ్ళ పిల్లకు నైపుణ్యమున్న కార్మికుని కనీస వేతనం ఆదాయంగా తీసుకున్నారు. చెవిటి పిల్లకు అంతకన్నా తక్కువ ఎందుకు?

కావలి వకీలు: కాజల్‌కు ప్రమాదానికి ముందు ఏ వైకల్యమూ లేదు. ఆ తీర్పు మీ ప్రశ్నకు జవాబు కాదు. నా మాట మార్చుకోను.

నెల్లూరు టీచరు: పెన్నాతీరం గారూ, ఆయన కొలతల పుస్తకాలు, ఖాతాదారుల సాక్ష్యం ముందుగా దాఖలు చేయించండి. వైద్యం చేసిన డాక్టరును బోనుకు పిలిపించి, ఆ చేత్తో కత్తెర పట్టగలడా అని అడిగించండి.