అంబాసిడర్ సీజ్ అయింది, ఇంజన్ బాగుచేయించాలా, మార్చాలా?

గోదారి గట్టు:
పొద్దున్నుంచి షెడ్డులోనే ఉన్నాను, తల పగిలిపోతోంది. మా నాన్నగారి అంబాసిడర్ సీజ్ అయింది. మెకానిక్కేమో "ఇది పారేసి ఇసుజు ఎక్కిద్దాం సార్" అంటాడు. మా బావగారు ఒప్పుకోవడం లేదు. రేపటికల్లా ఏదో ఒకటి చెప్పాలి. త్వరగా చెప్పండి ప్లీజ్.

రూల్‌బుక్:
సీజ్ చేశారని టెన్షన్ పడకండి. పెండింగ్ చలాన్లు కట్టేసి, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు పట్టుకెళ్లండి. బండి ఏ స్టేషన్లో ఉంది?

గోదారి గట్టు:
పోలీసులు కాదండీ బాబూ! ఇంజన్ సీజ్ అయింది!

ఆటోనగర్ లేతు:
పట్టేసింది అనాలి. పెట్రోలా, డీజిలా? ఏ మోడల్? ఎలా పట్టేసింది?

గోదారి గట్టు:
పెట్రోలే. రావులపాలెం దాటాక ఆగిపోయింది, అంతే.

ఆటోనగర్ లేతు:
ఒంట్లో బాలేదు, ఆపరేషన్ చేయించుకోనా అని ఫోన్లో అడిగినట్టుంది.

పాతబండి:
మార్చే మాటే ఎత్తకండి సార్. అది 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ ఇంజన్. బ్రిటన్‌లో ఎంజీఏ స్పోర్ట్స్ కారుకు పెట్టింది కూడా ఈ జాతి ఇంజనే. ఆ జపాను ఇసుజు ఇంజన్ పెడితే బండి పరిగెడుతుంది, నిజమే. కానీ బానెట్ ఎత్తినప్పుడు అది మీ నాన్నగారి కారులా ఉండదు.

రూల్‌బుక్:
ఇంజన్ మారిస్తే ఆర్టీఓ అనుమతి తీసుకోవాలి, ఆర్‌సీలో కొత్త నంబర్ ఎక్కాలి. పైగా 2021 కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడని బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. నంబర్లో "వీఏ" వస్తుంది. ఫీజు 20,000. ఇంజన్ మార్చుకుంటే అది పోగొట్టుకున్నట్టే.

పాతబండి:
అంబాసిడర్ వింటేజ్ ఏంటండీ, క్లాసిక్. వింటేజ్ అంటే 1919 నుంచి 1930 వరకూ వచ్చిన బండ్లు.

రూల్‌బుక్:
అది ఇంగ్లండు క్లబ్బు లెక్క. మన గెజిట్లో 50 ఏళ్లే.

పాతబండి:
గెజిట్ రాసినాయన స్పానర్ పట్టుకున్నాడా ఎప్పుడైనా?

రూల్‌బుక్:
మరి ఆ నంబర్ వేశాక రోజూ తిప్పకూడదు, ర్యాలీలకీ ప్రదర్శనలకీ తప్ప. అది కూడా తెలుసుకోండి.

గోదారి గట్టు:
అన్నా, నా సంగతి చూడండి. 1974 బండి, మార్క్ 2. టెంపరేచర్ మీటర్ రెండేళ్లుగా పనిచేయట్లేదు. హోస్ పైపు పగిలి నీళ్లన్నీ పోయాయి. ఆవిరి వస్తున్నా ఓ నాలుగు కిలోమీటర్లు తోలాను.

ఆటోనగర్ లేతు:
ఇది మొదటే చెప్పాల్సింది. డిప్‌స్టిక్ తీసి చూడు. ఆయిల్ ఏ రంగులో ఉంది?

గోదారి గట్టు:
పాల కాఫీలా ఉంది.

ఆటోనగర్ లేతు:
నీళ్లు కలిశాయి. హెడ్ (ఇంజన్ పై మూత) కింది గాస్కెట్ పోయుంటుంది, హెడ్ వంగినా వంగుండొచ్చు. ఇక సెల్ఫ్ కొట్టకు. ముందు ఆ ఆయిల్ పూర్తిగా దించెయ్. ప్లగ్గులు నాలుగూ తీసి, ఒక్కో సిలిండర్లో రెండు చెంచాల డీజిల్, రెండు చెంచాల ఇంజనాయిల్ పోసి రెండు రోజులు వదిలెయ్. తర్వాత టాప్ గేర్లో వేసి బండిని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపు. కదిలితే హెడ్ దింపించు. బ్లాక్ (సిలిండర్లుండే దిమ్మ) పగిలిందో లేదో, బోర్ (పిస్టన్ ఆడే రంధ్రం) ఎంత అరిగిందో కొలిపించు. ఈ ఇంజన్లో విడిగా మార్చే లైనర్ గొట్టాలుండవు, బ్లాక్‌లోనే బోర్. ఓవర్‌సైజ్ పిస్టన్లు 40 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) దాకా వస్తాయి, అది కూడా దాటిపోయి ఉంటే బోర్ లోపల స్లీవ్ గొట్టం వేయించు. బ్లాక్ పగిలితే మాత్రం అదే జాతి ఇంజన్ వెతుక్కో. ఇసుజు అంటే ఇంజన్ ఒక్కటే కాదు, గేర్‌బాక్స్, మౌంటింగులు, సైలెన్సర్, అన్నీ తిప్పలే. మీ మెకానిక్కి అందులో పని ఎక్కువ, అందుకే ఆ ఉత్సాహం.

పాతబండి:
డీజిల్ కన్నా ఆముదం మంచిది. మా తాతగారు...

ఆటోనగర్ లేతు:
ఆముదం వద్దు.

గోదారి గట్టు:
(మూడో రోజు) కదిలింది! బావగారూ నేనూ బండిని ఊపుతుంటే ఫ్యాన్ పావు చుట్టు తిరిగింది. హెడ్ ఇంకా దింపలేదు, మెకానిక్ ఫోన్ ఎత్తట్లేదు. థ్యాంక్స్ అన్నా.

రూల్‌బుక్:
ఆ ఇంజన్ నంబర్ ఆర్‌సీతో సరిపోయిందో లేదో చూశారా?