జీబ్రుగ్గలో ఓడ దిగి బ్రూజ్ కాలువలు చూడాలంటే రైలా, టాక్సీనా?

క్రూజ్ ఓడ బెల్జియంలోని జీబ్రుగ్గ రేవులో ఉదయం 8 నుంచి సాయంత్రం 5 దాకా ఆగుతుంది. బ్రూజ్ అక్కణ్ణుంచి సుమారు 15 కిలోమీటర్లు. రేవు లోపల నడవనివ్వరు కాబట్టి షటిల్ బస్సులో బయటికొచ్చి, కోస్తా ట్రామ్‌లో పక్క ఊరు బ్లాంకెన్‌బెర్గ చేరి రైలెక్కితే బ్రూజ్‌కి మరో పావుగంటే. చిక్కంతా ఆ తర్వాతే: బ్రూజ్ స్టేషన్ నుంచి ఊరి నడిబొడ్డున ఉన్న మార్క్ట్ కూడలికి దాదాపు ఒకటిన్నర కిలోమీటరు, చాలావరకు రాళ్లు పరిచిన వీధులు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు నడవగలరా? పైగా అరగంట పడవ షికారుకు పైకప్పు ఉండదు, మధ్యాహ్నం క్యూ కూడా ఎక్కువ.

ఈమధ్య వెళ్లినవాళ్లు చెప్పండి: పడవలోకి దిగే మెట్ల పక్కన పట్టుకోడానికి కమ్మీ ఉందా? నలుగురికి రానూపోనూ టాక్సీ ఎంతవుతుంది? తిరుగు ప్రయాణానికి 3 గంటలకే బయల్దేరాలా?