'అతి' అంటే మించడమా, మితిమీరడమా? ట్రాన్స్‌హ్యూమనిజానికి తెలుగు మాట

అనువాదాల అక్క:
అందరికీ నమస్కారం. ఒక పత్రిక కోసం వ్యాసం తెలుగు చేస్తున్నాను, మొదటి వాక్యం దగ్గరే మూడు రోజులుగా బండి ఆగిపోయింది. ట్రాన్స్‌హ్యూమనిజం అన్న మాటకి ఏం రాయాలి? మందులు, జన్యువుల్లో మార్పులు, మెదడులో చిప్పు లాంటివాటితో మనిషి ఒంటికి, బుద్ధికి, ఆయుష్షుకి ఉన్న హద్దులు దాటొచ్చు, దాటాలి కూడా అనే వాదం అది. నేను 'అతిమానవవాదం' అని పెట్టాను, ఎడిటర్ గారు 'మానవాతీతవాదం' అంటున్నారు. రెండూ పంటికింద రాళ్లలాగే ఉన్నాయి.

పెన్నా ఒడ్డు:
అక్కా, 'మానవాతీత' మాత్రం వద్దు. మానవాతీత శక్తులు అనగానే మనవాళ్లకి దయ్యాలు, తాయెత్తులు గుర్తొస్తాయి గానీ జన్యువులు గుర్తు రావు. 'అతిమానవుడు' ఎప్పుడో బుక్కైపోయిన సీటు, జర్మన్ తత్వవేత్త నీషే చెప్పినవాడికీ అదే మాట వాడాం, అరవిందులు చెప్పినవాడికీ అదే వాడాం, ఇప్పుడు మూడోవాణ్ణి ఎక్కడ కూర్చోబెడతాం.

కానీ నా అసలు గొడవ 'అతి'తో. సంస్కృతంలో అతి అంటే దాటి, మించి అని. తెలుగు ఇంట్లో అడుగుపెట్టాక దాని రంగు మారింది. అతి తెలివి, అతి వినయం, అతి చేయకు, వాడిదంతా అతి. వీటిలో ఒక్కటైనా మెచ్చుకోలు ఉందా? కాబట్టి 'అతిమానవవాదం' అని రాయగానే పాఠకుడు వాదమేమిటో వినకముందే మొట్టికాయ పడిపోతుంది. 2004లో అమెరికా రాజనీతి పండితుడు ఫ్రాన్సిస్ ఫుకుయామా ఈ ట్రాన్స్‌హ్యూమనిజమే ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన ఆలోచన అని రాశాడు, ఆయనకైతే మన 'అతి' బ్రహ్మాండంగా నచ్చేది. ఆ వాదాన్ని నమ్మేవాళ్ల పక్షాన రాసిన వ్యాసమైతే మాత్రం అది తప్పు అనువాదం, పైగా కనపడని తప్పు.

ఇంకో సంగతి, ఇంగ్లీషులో కూడా ఆ 'ట్రాన్స్'కి ఒకే అర్థం లేదు. జీవశాస్త్రజ్ఞుడు జూలియన్ హక్స్‌లీ 1957లో ఈ పేరుతోనే వ్యాసం రాశాడు. అందులో ఆయన చెప్పింది మనిషి మనిషిగానే ఉంటూ తన్ను తాను మించడం గురించి. (ఇదే మనిషి తర్వాత బ్రిటన్‌లో యూజెనిక్స్, అంటే 'మేలు' లక్షణాలున్నవాళ్లే పిల్లల్ని కనాలనే వాదం, దాని సంఘానికి అధ్యక్షుడిగా చేశాడు, అది మర్చిపోకూడదు. ఇక తమ్ముడు ఆల్డస్ 1932లోనే సీసాల్లో పిల్లల్ని తయారుచేసే లోకాన్ని నవలగా రాసి జనాన్ని భయపెట్టాడు. ఒకే ఇంట్లో ఇద్దరూ!) తర్వాత ఎఫ్ఎం-2030 అని ఒకాయన వచ్చాడు, అసలు పేరు ఫెరెడూన్ ఎస్ఫాండియరీ, ఇరాన్ దౌత్యవేత్త కొడుకు. 1930లో పుట్టాడు కాబట్టి 2030కి నూరేళ్లు నిండేదాకా బతుకుతానని పేరే మార్చేసుకున్నాడు. ఆయన లెక్కలో 'ట్రాన్స్' అంటే ట్రాన్సిషన్, అంటే దాటేసినవాడు కాదు, ఇంకా దాటుతున్నవాడు, మధ్యలో ఉన్నవాడు. ఇప్పుడు మనం దేనికి తెలుగు వెతకాలి, హక్స్‌లీ మాటకా, ఈయన మాటకా?

తెలుగు మాస్టారు (రిటైర్డ్):
పై పోస్టులో 'నూరేళ్లు నిండేదాకా' అన్నారు, నవ్వొచ్చింది. 'నిండు నూరేళ్లు బతుకు' అంటే దీవెన, 'నీకు నూరేళ్లు నిండాయిరా' అంటే చంపుతానని బెదిరింపు. రెండింటిలోనూ అవే రెండు మాటలు. ఇంతకీ ఆయనకి నిండాయా?

పెన్నా ఒడ్డు:
లేదు మాస్టారూ, 2000 జూలైలో క్లోమం కేన్సర్‌తో పోయాడు, 69 ఏళ్లకి. శరీరాన్ని అరిజోనాలో ఆల్కార్ అనే సంస్థలో బాగా చల్లబరిచి దాచిపెట్టారు, ఎప్పటికైనా లేపుతారేమోనని. అలా మొదటిసారి దాచింది 1967 జనవరిలో జేమ్స్ బెడ్‌ఫర్డ్ అనే ప్రొఫెసర్‌ని. ఇప్పటిదాకా ఒక్కరూ లేవలేదు. వీళ్లని ఏమనాలో కూడా తెలియదు నాకు. నమ్మేవాళ్లు శవం అనరు, పేషెంట్ అంటారు.

తెలుగు మాస్టారు (రిటైర్డ్):
'అమరుడు' అనండి, రెండు విధాలా సరిపోతుంది. చావు లేనివాడు అని దాని అర్థం, మనం వాడేది మాత్రం చనిపోయినవాళ్లకే. హైదరాబాద్ గన్‌పార్క్‌లో ఉన్నది అమరవీరుల స్తూపం. 'ఆయన అమరుడయ్యాడు' అని పేపర్లో చదివితే అమృతం తాగాడని ఎవరూ అనుకోరు కదా.

తమాషా పక్కన పెడితే, పాతవాళ్లు ఈ విషయంలో మనకంటే జాగ్రత్తగా మాటలు ఏరుకున్నారు. అమరకోశంలో దేవతల పేర్లు చెప్పే శ్లోకం మా చిన్నప్పుడు బెత్తం కింద వల్లె వేశాం. అమరా నిర్జరా దేవాస్త్రిదశా విబుధాః సురాః. చావు లేనివాళ్లు అమరులు. ముసలితనం లేనివాళ్లు నిర్జరులు. ఇవి రెండు వేరే విషయాలని అక్కడే తేలిపోయింది. ఇక త్రిదశులు అంటే మూడో దశలో, అంటే యౌవనంలో, నిలిచిపోయినవాళ్లు అని మా గురువుగారు చెప్పేవారు. ఇంగ్లీషువాళ్లు ఇమ్మోర్టల్ అన్న ఒక్క సంచిలో ఇవన్నీ కుక్కేశారు.

చిరంజీవి మళ్లీ వేరు. చిరకాలం బతికేవాడే గానీ చావు లేనివాడని ఆ మాటలో లేదు. పెళ్లి శుభలేఖలో వరుడి పేరు ముందు 'చి.' అని వేస్తాం, పురాణాల్లోని చిరంజీవుల జాబితాలో అశ్వత్థామ కూడా ఉన్నాడని ఎవరికీ గుర్తుండదు. ఆయనకది వరం కాదు, శాపం. మూడు వేల ఏళ్లు చీమూ నెత్తురూ వాసనతో, పలకరించే దిక్కు లేకుండా తిరగమని.

పోతన గారి హిరణ్యకశిపుడు అడిగింది 'మృత్యువు లేని జీవనము'. గాలిలో, నేల మీద, నిప్పులో, నీళ్లలో, రాత్రి, పగలు, ఏ ఆయుధంతోనూ వద్దు అని వకీలులా జాబితా చదివాడు. ఆ పద్యంలో ముసలితనం ఊసే లేదు చూడండి. నాకైతే వెనక బ్రహ్మ ఇచ్చిన జవాబు ఇంకా ఇష్టం. ఇంతకుముందు ఎవరూ కోరని వరాలివి, అయినా ఇచ్చాను, కాస్త బుద్ధి కలిగి ఉండు నాయనా అంటాడు. షరతు పెట్టలేదు, సలహా ఇచ్చి ఊరుకున్నాడు. కొత్త టెక్నాలజీలకి ఇప్పటి ప్రభుత్వాలు చేస్తున్నది కూడా చాలావరకు ఇదే.

డల్లాస్ వదిన:
మాస్టారి 'నిర్జర' నాకు బాగా నచ్చింది. ఇక్కడ ఆయుష్షు మీద పరిశోధనలు చేసేవాళ్లలో ఎక్కువమంది అడిగేది అదే, ఎన్నేళ్లు బతికామని కాదు, అందులో ఎన్నేళ్లు మంచం పట్టకుండా బతికామని. రికార్డు ఫ్రాన్సు మామ్మ జాన్ కల్మాంది, 122 ఏళ్లు, 1997లో పోయింది. మా మామగారు మోకాళ్లు రెండూ మార్పించుకుని ఇప్పుడు తిరుమల మెట్లెక్కుతా అంటున్నారు. ఆయన ట్రాన్స్‌హ్యూమనా మరి?

పెన్నా ఒడ్డు:
వదినా, అదే అసలు ప్రశ్న. అరిగింది బాగుచేస్తే వైద్యం. అరగనిదానికి ఇంకా కొంచెం బలం ఎక్కిస్తే? ఇంగ్లీషులో దానికి ఎన్‌హాన్స్‌మెంట్ అంటారు. మనకి చక్కటి మాట ఉంది, మెరుగు. నగకి మెరుగు పెట్టిస్తాం చూడండి, అది. గొలుసు విరిగితే అతికిస్తారు, విరగకపోయినా మెరుగు పెడతారు. అతుకు వేరు, మెరుగు వేరు. చైనాలో హ జియాన్‌క్వీ అనే శాస్త్రవేత్త 2018లో పుట్టబోయే కవలల జన్యువులు మార్చాడని గోల అయింది కదా, వాళ్లు జబ్బుతో ఉన్నవాళ్లు కాదు, రేపు హెచ్ఐవీ అంటకుండా ముందే చేశానన్నాడు. ఆ పిల్లలకి అడగకుండానే మెరుగు పెట్టాడన్నమాట. మూడేళ్లు జైలు వేశారు.

పాప వాళ్లమ్మ:
ఈ గ్రూపులో చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. మా పాపకి రెండేళ్లప్పుడు కాక్లియర్ ఇంప్లాంట్ వేయించాం. చెవి లోపల తీగ, తల మీద అయస్కాంతంతో అంటుకునే బిళ్ల, చెవి వెనక మిషన్. రాత్రి మిషన్ తీసేస్తే మా మాట దానికి ఏమీ వినపడదు, పొద్దున్నే పెట్టగానే మొదట వాళ్ల నాన్న దగ్గు విని నవ్వుతుంది. మీరు అతుకు, మెరుగు అని విడదీశారు. మాకు అంత తేలిగ్గా విడిపోలేదండీ. ఫోన్ పాట తిన్నగా దాని చెవిలోకే వస్తుంది, మాకెవ్వరికీ వినపడదు, అది మెరుగా అతుకా? చెవుడుని లోపమనుకోకుండా సైగల భాషలో నిండుగా బతికేవాళ్లు ఇది అతుకు కూడా కాదంటారు. మొదట్లో నాకు కోపం వచ్చేది, ఇప్పుడు వాళ్లు చెప్పేది కొంత అర్థమవుతోంది, అయినా నేను చేసింది మళ్లీ చేస్తాను.

నా టెన్షన్ వేరే. పోయిన ఏడాది మిషన్ పాడైతే ఆ మోడల్ ఆపేశాం, విడిభాగాలు రావు, కొత్తది కొనండి అన్నారు. ధర విని ఇంటికొచ్చేశాం. తల లోపల ఉన్నది పాపది, బయట ఉన్నది కంపెనీ చేతిలో. మాస్టారూ, నగకి మెరుగు పెడితే తరుగు తీస్తారు కదా, ఆ మాట కూడా వ్యాసంలో పెట్టించండి.

పెన్నా ఒడ్డు:
అమ్మా, మీరన్న తరుగు మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. విడదీయడం తేలికన్నట్టు రాశాను, ఒప్పుకుంటున్నా. అమెరికాలో ఆర్గస్-2 అని చూపు లేనివాళ్లకి కంట్లో పెట్టే పరికరం వచ్చింది, అక్కడ 2013లో అనుమతి ఇచ్చారు. కొన్నేళ్లకే కంపెనీ డబ్బుల ఇబ్బందుల్లో పడి దాన్ని వదిలేసింది. పెట్టించుకున్నవాళ్ల కళ్లలో అది అలాగే ఉండిపోయింది, చెడితే చూసే దిక్కు లేకుండా పోయింది. చావు లేని బతుకు గురించి పుస్తకాలకి పుస్తకాలు రాసేవాళ్లు ఈ సర్వీసింగ్ సంగతికి ఒక పేరా ఇస్తే గొప్ప. చిలీ దేశం 2021లో మెదడులో జరిగేదాన్ని, దాని నుంచి తీసిన సమాచారాన్ని కాపాడాలని రాజ్యాంగంలోనే రాసుకుంది. విడిభాగాల గురించి మాత్రం అందులో లేదు.

అనువాదాల అక్క:
చదువుతుంటే నా వ్యాసం కంటే ఈ చర్చే బాగుంది. ఇంతకీ మాట ఏం పెట్టను? 'పరామానవ' అని ఎవరో మెసేజ్ పెట్టారు, హిందీలో అలాగే ఉందట.

పెన్నా ఒడ్డు:
'పర' అంటే మనకి పరాయి కూడా, పరలోకం కూడా. వద్దక్కా. అసలు ఈ మాటకి మూలం వెతుక్కుంటూ పోతే ఏడొందల ఏళ్ల కిందటి ఇటలీ కవి దాంతే దగ్గర తేలుతుంది. తన కావ్యంలో స్వర్గం గురించిన భాగం మొదటి సర్గలో 'ట్రసుమనార్' అని ఒక క్రియ ఆయనే పుట్టించాడు, మనిషితనాన్ని దాటిపోవడం అని. పుట్టించిన చోటే, దీన్ని మాటల్లో చెప్పడం కుదరదు అని చేతులెత్తేశాడు. ఉదాహరణకి ఒక మూలిక తిని సముద్రదేవుడైపోయిన జాలరిని చూపించి ముందుకెళ్లిపోయాడు. ఆయన వల్లే కానిది మనకెందుకు, ట్రాన్స్‌హ్యూమనిజం అనే రాసేయండి. బస్సు, రైలు అన్నట్టే. లోపల మాత్రం మెరుగు, తరుగు, నిర్జర వాడండి, అవి మన ఇంటి మాటలు.

అనువాదాల అక్క:
సరే, మొదటి రెండు వాక్యాలు ఇలా రాశాను, చూడండి: "మనిషి ఒంటికి వచ్చిన జబ్బును బాగుచేసి ఊరుకోకుండా, జబ్బు లేని ఒంటికి కూడా మెరుగు పెట్టాలనే వాదాన్ని ట్రాన్స్‌హ్యూమనిజం అంటారు. ఆ మెరుగు ఎవరికి అందుతుంది మరియు తరుగు ఎవరు భరిస్తారు అన్నదే దీని చుట్టూ ఉన్న గొడవ."

తెలుగు మాస్టారు (రిటైర్డ్):
బాగుందమ్మా. రెండో వాక్యంలో ఆ 'మరియు' తీసేయండి.