అప్‌డేట్: టర్బైన్ రెక్క మీద ప్రవాహం చెదిరే చోటు

నా ప్రశ్న క్లుప్తంగా: విమాన ఇంజన్‌లోని అల్పపీడన టర్బైన్ రెక్క వీపు మీద గాలి ఉపరితలాన్ని వదిలి బుడగలా లేస్తుందని కంప్యూటర్ లెక్క చెబుతోంది. ప్రయోగంలో ఆ బుడగ చాలాసేపు కనిపించదు. ఎందుకు?

చిక్కు చాలావరకు వీడింది. జవాబిచ్చినవారందరికీ ధన్యవాదాలు, ముఖ్యంగా ముందు వరుస రెక్కల సంగతి ఎత్తినవారికి.

పాఠ్యపుస్తకాలు తీరిగ్గా వివరించే టోల్మీన్-ష్లిక్టింగ్ తరంగాలకు (నునుపైన ప్రవాహంలో మెల్లగా పెరిగి, మెట్టుమెట్టుగా దాన్ని చెదరగొట్టే చిన్న అలలకు) ఇక్కడ సాధారణంగా అంత వ్యవధి ఉండదు. వచ్చే గాలిలోనే అలజడి సుమారు ఒక శాతం దాటితే ప్రవాహం ఆ మెట్లను దాటవేస్తుంది. సరిహద్దు పొరలో, అంటే ఉపరితలాన్ని ఆనుకుని నెమ్మదిగా కదిలే పలుచని గాలి పొరలో, పొడవాటి చారలు ఏర్పడతాయి. అవి వణికి, అక్కడక్కడ సుడుల మచ్చలు పుడతాయి. 1951లో పరిశోధకుడు ఎమన్స్ వర్ణించినవి ఈ మచ్చలనే. మచ్చ ముందు అంచు బయటి గాలి వేగంలో దాదాపు 90 శాతంతో, వెనుక అంచు సుమారు సగం వేగంతో కదులుతాయి. అందుకే మచ్చ పోనుపోను పొడవుగా సాగుతుంది.

నన్ను ఆకట్టుకున్నది మచ్చ వెనుక మిగిలే ప్రశాంత ప్రాంతం. అక్కడ ప్రవాహం నునుపుగానే ఉన్నా గోడ దగ్గర వేగం ఎక్కువ, కాబట్టి ఉపరితలాన్ని తొందరగా వదలదు. ముందు వరుస రెక్కల వెనుక కలత గాలి పదేపదే తాకి మచ్చలు పుట్టిస్తుంటే, బుడగకు ఎదిగే వ్యవధే దొరకదు. ప్రయోగంలో ఆ రెక్కల స్థానంలో కదిలే కడ్డీలున్నాయి. నా లెక్కలోనేమో నిలకడైన గాలి!

ఇప్పుడు కాలంతో మారే లెక్క నడుస్తోంది. మిగిలిన సందేహం ఒక్కటే: లెక్కలో గాలి ప్రవేశించే చోట సుడుల పరిమాణాన్ని మీరు దేని ఆధారంగా ఇస్తారు?