గుర్రం గెలుపు చెల్లింది, డ్రైవర్ మాత్రం సస్పెండ్! హార్నెస్ రేసుల్లో ఈ లెక్క ఏంటి?

టార్నీట్ శ్రీను:

అందరికీ నమస్కారం. మేం మెల్బోర్న్ పడమర వైపు ఉంటాం. ఆఫీసులో ఒకాయనకు ఒక రేసు గుర్రంలో చిన్న వాటా ఉంది, ఆయన పుణ్యమా అని ఈ మధ్య హార్నెస్ రేసులు చూడటం అలవాటైంది. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఇందులో జాకీ గుర్రం మీద కూర్చోడు, వెనక సల్కీ అనే రెండు చక్రాల తేలికపాటి బండి మీద కూర్చుని డ్రైవర్ పగ్గాలు పట్టుకుంటాడు. గుర్రం దౌడు తీయకూడదు, ట్రాట్ (ఎదురెదురు మూలల కాళ్లు కలిసి కదలడం) గానీ పేస్ (ఒకే పక్క కాళ్లు కలిసి కదలడం) గానీ, ఆ నడకలోనే పరిగెత్తాలి.

నా డౌట్ ఏంటంటే, మొన్నొక రేసులో ఫస్ట్ వచ్చిన గుర్రం డ్రైవర్ ఆఖరి మలుపులో బయటికి జరిగాడు, పక్కన వస్తున్న గుర్రం తడబడి వెనకబడింది. స్టీవార్డులు, అంటే రేసులో నిబంధనలు చూసే అధికారులు, పిలిచారు, తప్పు ఒప్పుకున్నాడట, సస్పెన్షన్ వేశారు. కానీ గెలుపు అలాగే ఉంది, ప్రైజ్ మనీ అలాగే ఉంది, దాని మీద పందెం కాసినవాళ్లకు డబ్బులూ వచ్చాయి. తప్పు జరిగితే గెలుపు ఎలా చెల్లుతుంది? కావాలని చేసిందేం కాదని అందరూ అంటున్నారు, మరి అలాంటప్పుడు సస్పెన్షన్ ఎందుకు? ఇంకో రేసులో చూడ్డానికి అచ్చం ఇలాంటిదే చేసినవాడికి ఫైన్‌తో సరిపెట్టారు. ఇది మనిషిని బట్టి నడిచే వ్యవహారమా లేక నాకు అర్థం కావట్లేదా?

క్రైస్ట్‌చర్చ్ రవి:

శ్రీను గారూ, నేను న్యూజీలాండ్‌లో ఒక హార్నెస్ స్టేబుల్‌లో పనిచేస్తున్నా, ఇక్కడి అడింగ్టన్ ట్రాక్‌లో జరిగే రేసులకు గుర్రాలతో పాటు వెళ్తుంటాను కాబట్టి కొంచెం పొడుగ్గానే చెప్తాను.

ముందు, అది ఒక తప్పే గానీ దాని మీద తీర్పులు రెండు, అక్కడే అందరూ కన్‌ఫ్యూజ్ అవుతారు. గుర్రం స్థానం మార్చాలా వద్దా అన్నది ఒక తీర్పు. అక్కడ చూసేది, అడ్డుపడకపోయి ఉంటే ఆ దెబ్బతిన్న గుర్రం నిజంగా ముందు వచ్చేదా అని. అప్పటికే దాని పని అయిపోయి ఉంటే, తడబడినా తడబడకపోయినా నాలుగోదో ఐదోదో వచ్చేదే అయితే, గెలిచినదాన్ని కిందకి దించరు. డ్రైవర్ తప్పు చేశాడా అన్నది రెండో తీర్పు, ఆ రేసు ఎవరు గెలిచారన్న దానితో దీనికి సంబంధం లేదు. ఆఖరున వచ్చిన గుర్రం డ్రైవర్‌కి కూడా సస్పెన్షన్ పడుతుంది, అది మనం పట్టించుకోం అంతే.

"కావాలని చేయలేదు కదా" అన్న మాటకొస్తే, డ్రైవర్ల మీద వచ్చే కేసుల్లో ఎక్కువ భాగం కావాలని చేసినవి కావు. మీ ఆస్ట్రేలియా నిబంధనల్లో 163వ దాని కింద ఇంకో గుర్రానికి అడ్డుపడటం, అడ్డుపడటానికి కారణం కావడం, అదే ఒక తప్పు. అక్కడ ఉద్దేశం అడగరు. మా దగ్గర 869(3)(బి) కింద అజాగ్రత్తగా నడపడం. అజాగ్రత్త అంటే, ఆ స్థితిలో ఒళ్లు దగ్గర పెట్టుకుని నడిపే డ్రైవర్ ఎవరైనా పక్కకి ఒకసారి చూసి జరిగేవాడా లేదా అని. చూడకుండా జరిగితే నీ మనసులో ఏముందన్నది అనవసరం. తెలిసీ తెగించి నడిపితే దానికి వేరే పేరుంది, శిక్ష కూడా చాలా పెద్దది.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఇది మామూలు గుర్రప్పందెం కాదండీ. గుర్రం వెనక బండి ఉంది, ఆ బండి వెనక ఇంకో గుర్రం ముందు కాళ్లు చక్రానికి జానెడు దూరంలో ఆడుతుంటాయి. ఎదురు గాలి తప్పించుకోవాలంటే అంత దగ్గరగానే నడపాలి. ముందున్నవాడు ఒక్క అడుగు పక్కకి జరిగితే వెనకదాని గిట్ట చక్రానికి తగులుతుంది, టైరు పగులుతుంది, లేదా గుర్రం లయ తప్పి దౌడులోకి పోతుంది. చక్రాల చువ్వల మీద బిళ్లలు బిగించేది అందుకే, కాలు లోపలికి పోకుండా. పేసర్లకైతే ఒక పక్క ముందు కాలునీ వెనక కాలునీ కలుపుతూ హాపుల్స్ అనే పట్టీలు ఉంటాయి, తడబడితే నిలదొక్కుకోవడం ఇంకా కష్టం. ఒకటి పడిందంటే వెనకున్నవి దాని మీద పడతాయి. అలా పడ్డాక వచ్చి క్షమించండి అంటే ఏం లాభం.

ఇంకో మాట. మీరు చూసిన తప్పు ఎక్కువగా జరిగేది లోపల ఇరుక్కున్నవాడి చేతిలో. ముందు లీడర్, పక్కన ఇంకో గుర్రం, వెనక ఇంకోటి, చేతిలో గుర్రం మంచి ఊపు మీద ఉంది, బయటపడే దారి లేదు. ఆ టెన్షన్‌లో సగం సందు కనపడగానే దూరిపోతాడు. ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో కొన్ని ట్రాకుల్లో ఆఖరి స్ట్రెయిట్‌లో, అంటే గెలుపు గీత ముందున్న తిన్నని భాగంలో, లోపలి వైపు అదనంగా ఒక లేన్ ఇస్తున్నది కూడా ఇలా ఇరుక్కున్నవాడికి ఒక దారి ఉండాలనే.

మలక్‌పేట బాబాయ్:

రవీ, నువ్వు చెప్పింది బాగానే ఉంది గానీ నేను హైదరాబాద్ రేస్ క్లబ్‌లో ముప్పై ఏళ్లుగా రేసులు చూస్తున్నవాణ్ణి, ఇక్కడ బండ్లు లేవు, జాకీలే, అయినా కథ ఒక్కటే. పెద్ద రేసు గెలిచినవాడికి నాలుగు రోజులు ఇంట్లో కూర్చోమంటే అది శిక్షా? ఓనర్ చేతికి కప్పు వచ్చింది, వాడి వాటా వాడికి వచ్చింది. నన్నడిగితే అడ్డుపడి గెలిస్తే గెలుపు కొట్టేయాలి, అంతే. "అడ్డుపడకపోతే ముందు వచ్చేదా" అని స్టీవార్డులు ఊహించడం ఏంటి, జాతకం చెప్తున్నారా?

జెర్సీ లత:

బాబాయ్ గారూ, మీరు అడిగినట్టు గెలుపు కొట్టేసిన కేసు మా న్యూజెర్సీలోనే ఉంది. మెడోలాండ్స్‌లో ఏటా ఆగస్టులో హాంబుల్టోనియన్ జరుగుతుంది, 1926లో మొదలైన రేసు, మూడేళ్ల ట్రాటర్లకి ఇక్కడ దీన్ని మించినది లేదు. 2017లో డేవిడ్ మిల్లర్ నడిపిన వాట్ ది హిల్ ఫస్ట్ వచ్చింది. స్టాండ్‌లో జనం అరుస్తూనే ఉన్నారు, బోర్డు మీద ఎంక్వైరీ. ఆఖరి స్ట్రెచ్‌లో దానివల్లే గార్డియన్ ఏంజెల్ ఏఎస్ అనే గుర్రం లయ తప్పిందని జడ్జీలు తేల్చి వాట్ ది హిల్‌ని వెనక్కి నెట్టారు. ఓకే స్వాన్‌స్టెట్ నడిపిన పర్ఫెక్ట్ స్పిరిట్‌కి గెలుపు ఇచ్చారు. అది పది లక్షల డాలర్ల రేసు.

అప్పట్లో సగం మంది శభాష్ అన్నారు, సగం మంది తిట్టారు. తిట్టినవాళ్ల మాట కూడా కొట్టిపారేయలేం. లైన్ దాటినప్పుడు మిగతా వాటికంటే ముందున్నది వాట్ ది హిల్లే, పర్ఫెక్ట్ స్పిరిట్‌కి అది అడ్డుపడిందీ లేదు. అంటే అసలు దెబ్బతిన్నది ఒక గుర్రం, లాభపడింది ఇంకో గుర్రం. మరి ఇక్కడ న్యాయం ఎవరికి జరిగింది? ప్రతిసారీ గెలుపు కొట్టేస్తూ పోతే ఇలాంటివే వస్తాయి బాబాయ్ గారూ. గుర్రాన్ని చూసుకునే గ్రూమ్ ఏం తప్పు చేశాడు, వాడి బోనస్ పోయింది కదా. డ్రైవర్‌ని డ్రైవర్‌గా శిక్షించడం వేరుగా ఉండటమే మంచిదని నా అభిప్రాయం, పైగా ఇక్కడ ఒక రాష్ట్రం సస్పెండ్ చేస్తే మిగతా రాష్ట్రాలూ దాన్ని పాటిస్తాయి, కాబట్టి పక్క రాష్ట్రానికి వెళ్లి నడిపేద్దాం అంటే కుదరదు.

మలక్‌పేట బాబాయ్:

అమ్మా లతా, గ్రూమ్ సంగతి ఒప్పుకుంటా. కానీ ఓడిన గుర్రం మీద డబ్బు కాసినవాడి సంగతో?

జెర్సీ లత:

వాడికి ఏ పద్ధతిలోనూ డబ్బు తిరిగి రాదు. వాట్ ది హిల్‌ని దించినా గార్డియన్ ఏంజెల్ మీద కాసినవాళ్లకి ఒక్క పైసా రాలేదు.

టార్నీట్ శ్రీను:

రవి గారూ, రెండు తీర్పుల సంగతి ఇప్పుడు అర్థమైంది, థాంక్స్. ఫైన్, సస్పెన్షన్ తేడా మాత్రం ఇంకా తేలలేదు. ఇంకోటి, సస్పెండ్ అయిన డ్రైవర్ ఆ తర్వాతి వారం ఒక పెద్ద రేసులో నడిపాడు! అదెలా?

క్రైస్ట్‌చర్చ్ రవి:

రెండోది ముందు చెప్తా, అది తేలిక. అప్పటికే డ్రైవర్‌గా పేరు ఇచ్చేసిన రేసులు ఉంటే అవి అయ్యాకే సస్పెన్షన్ మొదలయ్యేలా కొంత వెసులుబాటు ఇస్తారు. ఆఖరి నిమిషంలో డ్రైవర్ మారితే ఓనరూ ట్రైనరూ ఇబ్బంది పడతారని. పెద్ద రేసు ముందు ఇది దుర్వినియోగం అవుతోందని నాకూ అనిపిస్తుంది, దీన్ని సమర్థించలేను.

ఫైన్ సంగతి. తప్పు ఎంత పెద్దది, దానివల్ల ఏమైంది, మనిషి పాత రికార్డ్ ఏంటి, వెంటనే ఒప్పుకున్నాడా, ఇవన్నీ చూస్తారు. ఏడాదికి వందల రేసులు నడిపి ఒక్క కేసు లేనివాడినీ, నెల కిందటే ఇదే తప్పుకి దొరికినవాడినీ ఒకే గాటన కట్టరు. మీరు చూసిన రెండోవాడి రికార్డ్ శుభ్రంగా ఉండి ఉండొచ్చు, లేదా పక్క గుర్రం కూడా కొంచెం లోపలికి వాలి ఉండొచ్చు. స్టాండ్ నుంచి చూస్తే తెలియదు, ఎదురు నుంచి తీసిన వీడియోలోనే తెలుస్తుంది.

మా దగ్గర ఇంకో మెలిక ఉంది, నాకు ఇది నచ్చుతుంది. శిక్షకి మొదటి కొలత రోజుల్లో కాదు, డ్రైవ్‌లలో ఉంటుంది, అంటే ఇన్ని రేసులు నడపకూడదని. దాన్ని ఆ డ్రైవర్ మామూలుగా రోజుకి ఎన్ని నడుపుతాడో చూసి రోజుల్లోకి మారుస్తారు. లేకపోతే చూడండి, ఒక రాత్రికి ఎనిమిది రేసులు నడిపేవాడికీ, సొంత గుర్రం ఒక్కటే నడుపుకునే రైతుకీ ఒకే మూడు రోజులు అంటే ఎవరి జేబుకి ఎంత చిల్లు? ఆ ఒక్క గుర్రం రైతుకి చాలాసార్లు ఫైన్ వేయడానికి కూడా కారణం ఇదే.

ఇంకా, మీ విక్టోరియాలో రేసు రాత్రి చార్జ్ పెట్టేదీ విచారించేదీ స్టీవార్డులే, నచ్చకపోతే విక్టోరియన్ రేసింగ్ ట్రిబ్యునల్‌కి అప్పీల్ చేసుకోవాలి. న్యూజీలాండ్‌లో 2021లో రేసింగ్ ఇంటెగ్రిటీ బోర్డ్ వచ్చింది, అందులో స్టీవార్డు ఆరోపణ చేస్తాడు, నిర్ణయం మాత్రం వేరే కమిటీది. డ్రైవర్ కూడా అక్కడే నిలబడి వీడియో ఆపి ఆపి తన వాదన చెప్పుకుంటాడు. పట్టుకున్నవాడే తీర్పు చెప్పడం కంటే ఇదే నయం.

మలక్‌పేట బాబాయ్:

ఆ డ్రైవ్‌ల లెక్క బాగుంది, అది ఇక్కడా పెట్టాలి. కానీ పెద్ద రేసు ముందు వెసులుబాటు అన్నావే, దాని మీద మాత్రం నేను తగ్గను. పెద్ద రేసు పోతుందన్న భయం లేకపోతే ఎవడు పగ్గాలు లాగుతాడు?

టార్నీట్ శ్రీను:

బాబాయ్‌తో నేనూ ఏకీభవిస్తున్నా. ఈ రిపోర్టులు మామూలు జనం చదవొచ్చా?

క్రైస్ట్‌చర్చ్ రవి:

చదవొచ్చు. రెండు దేశాల్లోనూ స్టీవార్డుల రిపోర్టులు వెబ్‌సైట్‌లో పెడతారు, మా దగ్గర అయితే కమిటీ తీర్పు కారణాలతో సహా ఉంటుంది. మీరు చూసిన రెండు రేసులవీ తీసి పక్కపక్కన పెట్టి చూడండి, తేడా కనపడకపోతే మళ్లీ ఇక్కడే రాయండి.