పెన్సిల్ డబ్బాలో లడ్డూ: ఇంట్లో రెండు నమ్మకాలుంటే పిల్లలకి ఒకటే ఖాయం చేయాలా?

రామ్మూర్తినగర్_అమ్మ
మాది బెంగళూరు. ఇద్దరిదీ అనంతపురం వైపే, 2014లో గుడిలోనే పెళ్లయింది. ఐదేళ్ల కిందట మా ఆయన ఆరోగ్యం బాగా దెబ్బతింది. అప్పుడు ఆఫీసు స్నేహితుడొకాయన రోజూ వచ్చి ప్రార్థన చేసేవాడు. తగ్గాక ఈయన వాళ్ల కూడికలకి వెళ్లడం మొదలుపెట్టారు, తర్వాత బాప్తిస్మం తీసుకున్నారు. నన్ను రమ్మని బలవంతం చేయలేదు, నా దేవుడి గూడు నాకుంది. తాగుడు మానేశారు కూడా. ఆ సంగతి దాచను.

పాపకి ఏడేళ్లు. పోయిన వారం స్కూల్ బ్యాగు నిండా చీమలు. చూస్తే పెన్సిల్ డబ్బాలో తిరుపతి లడ్డూ ముక్క. పక్కింటావిడ ఇచ్చి నాలుగు రోజులైందట. ఎందుకు తినలేదే అంటే, "తింటే డాడీకి కోపం, పారేస్తే నీకు కోపం" అంది.

అప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్. ఏదో ఒకటి ఖాయం చెయ్యండే, పిల్ల నలిగిపోతోంది అంటుంది మా అక్క. మా ఆయన సంఘం వాళ్లదీ అదే మాట, కాకపోతే వాళ్ల 'ఏదో ఒకటి' వేరు. ఇలాంటి ఇంట్లో పెరిగినవాళ్లుంటే చెప్పండి. పెంచుతున్నవాళ్లు కాదు, పెరిగినవాళ్లు.

హోస్కోటె_తాత
నేను పెరిగినవాణ్ణి కాదు, అయినా చెబుతాను. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దని పెద్దలు ఊరికే అనలేదమ్మా. ఊహ తెలిసేదాకా పిల్లకి ఒక ఒడ్డు ఉండాలి. ఏ ఒడ్డని నేను చెప్పను. శనివారం వెంకటేశ్వరస్వామి, ఆదివారం బైబిలు కథలు, రెంటికీ నడుమ ఆ పిల్లకి అర్థమయ్యేదల్లా అమ్మానాన్నల్లో ఎవరో ఒకరు తప్పు అని.

టిన్‌ఫ్యాక్టరీ_ట్రాఫిక్
తాతగారూ, మా వాడు ఇంట్లో తెలుగు, కింద పిల్లలతో కన్నడ, స్కూల్లో ఇంగ్లిష్, వాచ్‌మన్‌తో హిందీ మాట్లాడతాడు. వాడికీ ఏడేళ్లే. ఏ పడవా మునగలేదు.

ఎలియట్స్_అల
నేను పెరిగినదాన్నే అక్కా. చెన్నై, బెసంట్ నగర్. అమ్మ గుంటూరు క్యాథలిక్కు, నాన్న నెల్లూరు. అమ్మావాళ్లు చర్చిని గుడి అనే అంటారు, ఆదివారం ఆరాధనని పూజ అంటారు. కాబట్టి చిన్నప్పుడు నా లెక్కలో మాకు రెండు గుళ్లు, రెండు పూజలు. పొద్దున వేళాంగణ్ణి మాత గుడి, సాయంత్రం అదే సముద్రం ఒడ్డున అష్టలక్ష్మి గుడి, మధ్యలో సుండల్ గుగ్గిళ్లు. ఆగస్టు 29న మాత గుడిలో జెండా ఎక్కితే సెప్టెంబరు 8 దాకా మా వీధిలో నిద్రే ఉండదు. కాషాయం బట్టలు కట్టుకుని నడిచి వచ్చేవాళ్లలో బొట్టు పెట్టుకున్నవాళ్లు ఎంతమందో.

కానీ ఒక తేడా ఉంది. మా ఇంట్లో పెళ్లికి ముందే మాట అయిపోయింది. క్యాథలిక్కుల నియమం ప్రకారం వేరే మతం వాళ్లని చేసుకునేటప్పుడు, పిల్లలకి జ్ఞానస్నానం ఇప్పించి ఆ విశ్వాసంలో పెంచడానికి చేతనైనంత చేస్తానని వీళ్లు మాట ఇవ్వాలి. ఇచ్చారన్న సంగతి అవతలివాళ్లకీ చెప్పాలి. నాన్నకి చెప్పారు, ఆయన సరేనన్నారు. పేరుకి నేను క్యాథలిక్కునే, వినాయక చవితికి పత్రి కోసేదీ నేనే. మీ ఇంట్లో మాట పెళ్లయ్యాక మారింది. అది వేరే సంగతి, నా ఉదాహరణ మీకు అతకదేమో.

పెరంబూరు_పాతబాకీ
అతకదు. భాషల పోలిక అసలే అతకదు. కన్నడ మాట్లాడిన నోటితో తెలుగు మాట్లాడకూడదని ఏ వ్యాకరణంలోనూ లేదు. మతంలో ఉంటుంది.

మాదీ చెన్నైయే. నాన్న పెళ్లయ్యాకే మారారు, అమ్మ మారలేదు. ఇద్దరూ మంచివాళ్లు. ఒకరి మీద ఒకరు గొంతు పెంచడం నేను వినలేదు. పెంచాల్సిన అవసరం లేదు, మధ్యలో నేనున్నాగా. డ్యూటీ నుంచి రాగానే నాన్న: "ఇవాళ అమ్మ ఎటు వెళ్లిందిరా?" ఆదివారం మధ్యాహ్నం అమ్మ: "పాస్టరుగారు నా గురించి ఏమన్నా అన్నారా?" ఎనిమిదేళ్లకే ఏది చెప్పాలో ఏది మింగాలో లెక్క వచ్చేసింది. పొద్దున అమ్మ పెట్టిన విభూతి, కింద స్కూటర్ మీద నాన్న కనపడకముందే తుడిచేయాలి. రెండో అంతస్తు మలుపు దగ్గర తుడిచేవాణ్ణి. ఆ గోడకి నా వేళ్ల మరకలు ఉండేవి, సున్నం వేసినా మళ్లీ వచ్చేవి.

నా పంతొమ్మిదో ఏట నాన్న పోయారు. పెదనాన్నలు దహనం అన్నారు, సంఘం వాళ్లు సమాధి అన్నారు. నాన్న ఇష్టమేమిటో అందరికీ తెలుసు. అయినా ఫ్రీజర్ బాక్సు పక్కన నన్ను నిలబెట్టి "కొడుకువి, నువ్వు చెప్పు" అన్నారు. సమాధే చేయించాను. పెదనాన్నావాళ్ల నుంచి ఇప్పటికీ శుభలేఖ రాదు. పదకొండో రోజున అమ్మ ఎవరికీ తెలియకుండా వంటింట్లో ఒక దీపం పెట్టుకుంది. నాకు మాత్రం చెప్పింది.

అక్కా, మీ పాప సంగతి చదివి లేచి ఒక చుట్టు నడిచి వచ్చి ఇది రాస్తున్నాను. ఒకటా రెండా అన్నది మీరిద్దరూ తేల్చుకోండి. ఏది తేల్చినా ఆ కబుర్లు పిల్ల చేత మోయించకండి.

దేవునికడప_కుర్రాడు
అన్నా, బాధగా ఉంది. కానీ మరీ ఇంత భయపెట్టొద్దు. మా దేవుని కడపలో ఉగాది నాడు ముస్లింలు వచ్చి వెంకన్నకి కొబ్బరికాయ కొడతారు, వెంకన్న భార్య బీబీ నాంచారి మా ఇంటి ఆడపడుచు అంటారు. కడప పెద్ద దర్గాకి హిందువులు వెళ్లడం సరేసరి. మీ బెంగళూరులోనే కరగ ఊరేగింపు కాటన్‌పేట మస్తాన్ దర్గా దగ్గర ఆగి వెళుతుంది. పీర్ల పండగలో నిప్పుల గుండం చుట్టూ ఎవరు ఏ కులం, ఏ మతం అని ఎవరడిగారు? మనవాళ్లకి ఇది అలవాటే.

రామ్మూర్తినగర్_అమ్మ
తమ్ముడూ, మాదీ అనంతపురమే, గూగూడు కుళ్లాయిస్వామి పీరుకి మొక్కిన ఇల్లే మాది. కాదనను. కానీ ఉగాదికి గుడికి వచ్చినవాళ్లు సాయంత్రానికి ఎవరింటికి వాళ్లు వెళ్లిపోతారు. మా ఇంట్లో సాయంత్రం కూడా ఇద్దరం ఇక్కడే ఉంటాం.

సెక్షన్_సుబ్బయ్య
ఇంత బాధ దేనికి? 1955 హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్ ప్రకారం అవతలివాళ్లు మతం మారడం విడాకులకి కారణమే. పైగా 1956 సంరక్షకత్వ చట్టం 6వ సెక్షన్ చూడండి. హిందువుగా ఉండడం మానేసిన తండ్రి ఆ సెక్షన్ కింద సహజ సంరక్షకుడు కాడు. పాప మీ చేతిలోనే.

రామ్మూర్తినగర్_అమ్మ
విడాకుల సలహా అడగలేదండీ.

నల్లకోటు_నాగరత్న
సుబ్బయ్యగారూ, సెక్షన్లు చెప్పినప్పుడు పూర్తిగా చెప్పండి. ఒకరు మతం మారినంత మాత్రాన పెళ్లి దానంతటది రద్దు కాదు. సంరక్షకత్వం సంగతికి వస్తే, ఆ 1956 చట్టం 13వ సెక్షన్ పిల్లల మేలే అన్నిటికన్నా ముందు చూడాలంటుంది. ఇక ఈ చర్చ చదివే పెళ్లికాని వాళ్లకి ఒక మాట. ఇద్దరివీ వేర్వేరు మతాలైతే గుడిలో తాళి కట్టి హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేయించుకుంటే చాలనుకోకండి. ఒక తెలుగు జంట కేసులోనే, అబ్బాయి క్యాథలిక్, అమ్మాయి హిందూ, అలాంటి పెళ్లి చెల్లదని 2008లో సుప్రీం కోర్టు తేల్చింది. 1954 ప్రత్యేక వివాహ చట్టం ఉన్నది అందుకే. ముప్పై రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు. ఆ నోటీసు ఆఫీసు గోడ మీద వేలాడినన్నాళ్లూ గుండె దడ తప్పదనుకోండి.

ప్రార్థన_గది
నేను విశ్వాసిని, మా ఆవిడ కాదు. అక్క భర్త తరఫున ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను. ప్రసాదం వద్దనడం మొండితనం కాదు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 8, 10 అధ్యాయాల్లో పౌలు మాట్లాడింది అచ్చంగా ఈ విషయమే. ఎవరైనా భోజనానికి పిలిస్తే పెట్టింది అడగకుండా తినండి, ఇది అర్పించినదని చెబితే మాత్రం తినకండి అంటాడు. లడ్డూ చేతిలో పెట్టేటప్పుడే ప్రసాదమని చెబుతారు కదా, అందుకే తినడు.

కానీ అదే పత్రిక 7వ అధ్యాయం కూడా ఆయన చదవాలి. భార్య విశ్వాసి కాకపోయినా ఆమెకి కాపురం ఇష్టమైతే విడిచిపెట్టొద్దని ఉంది, మీ పిల్లలు పవిత్రులే అని కూడా ఉంది. ఆయన తినకపోవడానికి వాక్యం ఉంది. ఏడేళ్ల పిల్ల దాచుకోవడానికి ఏ వాక్యమూ లేదు. నేనైతే అత్తగారింట్లో చేయి అడ్డం పెట్టను, పళ్లెం అందుకుని మా ఆవిడకిస్తాను. మా పాస్టరుగారికి ఇది నచ్చదు. అది వేరే చర్చ.

హోస్కోటె_తాత
పెరంబూరు నాయనా, నా మాట కొంచెం వెనక్కి తీసుకుంటున్నాను. ఒక ఒడ్డు ఉండాలన్నది మాత్రం వదలను. నీకు ఆ గోడ మలుపు ఒక్కటే మిగిలిందంటే, ఒడ్డు లేకనే కదా?

పెరంబూరు_పాతబాకీ
ఒడ్డు లేక కాదు తాతా, రెండు ఒడ్ల మధ్య పడవ నేనే అవడం వల్ల. ఒక్క మతమే ఉన్న ఇళ్లలోనూ అమ్మానాన్నలు పిల్లల్ని అలా తిప్పుతారు, డబ్బు గురించో అత్తగారి గురించో. మాకు దేవుడి పేరు మీద జరిగింది కాబట్టి ఎదురు అడగడానికి భయం, అంతే.

రామ్మూర్తినగర్_అమ్మ
అందరికీ థ్యాంక్స్ (సుబ్బయ్యగారికి కూడా, సరే). రాత్రి ఆయనకి పెరంబూరు తమ్ముడు రాసింది చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పాప పెన్సిల్ డబ్బా తెచ్చి, సబ్బుతో కడిగి, ఆరబెట్టారు. పొద్దున పాపతో "నేను తినను, నువ్వు తినొచ్చు, దాచక్కర్లేదు" అని చెప్పారు. ఆవిడగారు వెంటనే "మరి వాళ్లింట్లో పులిహోర?" అని అడిగింది. అదీ తినొచ్చట.

బాప్తిస్మం దగ్గర మాత్రం తెగలేదు. పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా వద్దని నేను. తనే అడిగితే ఎందుకు ఆపాలని ఆయన. ఏడేళ్ల పిల్ల తనే అడిగిందో మీ సండే స్కూల్ అడిగించిందో ఎలా తెలుస్తుందన్నాను. నీ గుడిలో దండం పెట్టమన్నప్పుడు దాన్ని అడిగావా అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇంకా లేదు.

ఈలోగా కార్తీకం. బాల్కనీలో ఆకాశదీపం కట్టాను. అది అయ్యీ అవ్వగానే ఆయన క్రిస్మస్ స్టార్ కడతారట. మేకు ఒకటే ఉంది, ఓనరు ఇంకోటి కొట్టనివ్వడు.

టిన్‌ఫ్యాక్టరీ_ట్రాఫిక్
అక్కా, మేకు లేకుండా అతికించే హుక్కులు దొరుకుతాయి, కానీ మా ఇంట్లో వర్షానికి ఊడిపోయాయి. గ్రిల్‌కి తీగతో కట్టేయండి.