వైరల్ జ్వరం తర్వాత వాసన పోయిన పిల్లలకి స్టెరాయిడ్ మాత్రలు ఇప్పించాలా, వద్దా?

కావలి_కుర్రోడు:
మా తమ్ముడికి పదహారేళ్ళు, ఇంటర్ ఫస్టియర్. దాదాపు మూడు నెలల కిందట జలుబూ జ్వరం వచ్చి తగ్గాయి. కరోనానో ఫ్లూనో తెలియదు, టెస్టు చేయించలేదు. అప్పట్నుంచి వాడికి వాసన తెలియడం లేదు, పక్కన తిరగమోత మాడిపోతున్నా ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. ఈ మధ్య ఇంకో గొడవ మొదలైంది, కాఫీ గానీ ఉల్లిపాయ వేగుతున్న బాణలి గానీ దగ్గరకొస్తే కుళ్ళు కంపు అంటున్నాడు, తిండి బాగా తగ్గించేశాడు. ఒక డాక్టరు గారు పది రోజుల స్టెరాయిడ్ మాత్రలు రాశారు. ఇంకొకాయన మాత్రలు వద్దు, నాలుగు రకాల వాసనలు రోజూ పీల్చమనండి, చాలు అన్నారు. నాన్న మాత్రల వైపు. అమ్మకి స్టెరాయిడ్ అనే మాట వింటేనే టెన్షన్. వాడినవాళ్ళు, తెలిసినవాళ్ళు సూటిగా చెప్పండి.

ముక్కుసూటి:
ఈఎన్‌టీ పీజీ చేస్తున్నాను, పరీక్ష చేయకుండా మీ తమ్ముడి గురించి తీర్పు చెప్పను గానీ మూడు నెలలు దాటాక ఈ కారణానికి మాత్రలు నేనైతే రాయను. నెదర్లాండ్స్‌లో 115 మంది మీద ట్రయల్ చేశారు, 2022లో వచ్చింది. కరోనా తర్వాత వాసన పోయినవాళ్ళలో సగం మందికి ప్రెడ్నిసొలోన్ రోజుకి 40 మిల్లీగ్రాములు పది రోజులు, మిగతా సగానికి ఉత్తుత్తి మాత్ర. పన్నెండు వారాల తర్వాత చూస్తే రెండు గుంపులకీ తేడా లేదు. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే మీద ఈజిప్టులో 100 మందితో చేసినది 2021లో వచ్చింది, వాసన సాధన, అంటే మీ రెండో డాక్టరు గారు చెప్పినట్టు లవంగం, నిమ్మ, నీలగిరి నూనె లాంటివి రోజూ పీల్చడం, అది ఒక్కటే చేసినవాళ్ళ కంటే స్ప్రే కలిపినవాళ్ళకి అదనంగా ఒరిగిందేమీ లేదు.

అసలు లోపల జరిగేది చూస్తే ఇది అర్థమవుతుంది. కరోనా వైరస్ వాసన నరాల కణాల్లోకి నేరుగా దూరదు, దానికి కావలసిన గ్రాహకాలు, అంటే వైరస్ అతుక్కుని లోపలికి దూరే తలుపులు, ఆ నరాలకి అండగా ఉండే పక్క కణాల మీద ఉంటాయి. ఆ పక్క కణాలు చచ్చిపోతే వాటి అండ పోయిన నరాలు పనిచేయడం మానేస్తాయి. చాలామందిలో అవి మళ్ళీ పుట్టుకొస్తాయి, అడుగున మూలకణాలు ఉంటాయి కాబట్టి. అది మెల్లగా సాగే పని, మాత్ర మింగితే తొందరపడదు.

స్టెరాయిడ్ ఏమీ చేయకుండా ఊరుకోదు కూడా. 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఎలా నిండిపోయిందో మన దగ్గర అందరికీ గుర్తుంది. షుగరు, ఇష్టమొచ్చినట్టు వాడిన స్టెరాయిడ్లు, రెండూ దానికి దారి తీశాయి. పది రోజుల మాత్రలతో ఆరోగ్యంగా ఉన్న కుర్రాడికి అలా అవుతుందని భయపెట్టడం లేదు. లాభం లేని చోట చిన్న రిస్కు మాత్రం ఎందుకు అనే నా ప్రశ్న.

పాలమూరు_నాన్న:
డాక్టర్ సాబ్, మా అమ్మాయికి ఇదే పరిస్థితిలో మాత్రలు వాడినం, నెల తిరగక ముందే మల్లెపూల వాసన చెప్పింది. మీరు చెప్పిన డచ్చి ట్రయల్‌లో ఉన్నది పెద్దవాళ్ళే కదా? పదహారేళ్ళ పిల్లల మీద చేసిన ట్రయల్ చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం. పిల్ల అన్నం ముందు కూర్చుని ఏడుస్తుంటే "మెల్లగా వస్తదమ్మా" అని చెప్పడం ఏ తండ్రికీ చేతకాదు.

ముక్కుసూటి:
అన్నా, పెద్దవాళ్ళే అన్నది నిజమే. పిల్లల మీద మంచి ట్రయల్స్ కొరత ఉంది, కాదనను. కానీ పెద్దవాళ్ళలో పనిచేయని మందు పిల్లల్లో పనిచేస్తుందని చూపించాల్సింది రాసేవాళ్ళు. మీ అమ్మాయికి వాసన వచ్చినందుకు సంతోషం, అయితే అది మాత్ర వల్లే అని ఎలా చెప్పగలం? 2022లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో చాలా అధ్యయనాలు కలిపి లెక్కగట్టారు. కరోనాతో వాసన పోయినవాళ్ళలో నెలకి 74 శాతం, మూడు నెలలకి 90 శాతం, ఆరు నెలలకి దాదాపు 96 శాతం మంది కోలుకున్నారు. ఆ దారిలో ఎక్కడ మాత్ర వేసినా మాత్రే తెచ్చినట్టు కనిపిస్తుంది.

లెక్కల_మాస్టారు:
బాగుంది బాబూ, మరి అదే లెక్క నీ లవంగాల డబ్బాకి ఎందుకు వర్తించదు? ఎలాగూ 96 శాతం మందికి వస్తుందంటే నిమ్మకాయ వాసన చూసినవాడికీ వస్తుంది, చూడనివాడికీ వస్తుంది. ఆ సాధన మీద వచ్చిన మొదటి అధ్యయనంలో ఉత్తుత్తి గుంపు ఉందా? లేదు. చేసినవాళ్ళు కొందరు, ఏమీ చేయనివాళ్ళు కొందరు. ఏదో ఒకటి చేస్తున్నామన్న నమ్మకంతోనే సగం మంది బాగుంది అంటారు. స్టెరాయిడ్‌కి ఒక తూకం, నీలగిరి నూనెకి ఇంకో తూకమా?

ముక్కుసూటి:
మాస్టారూ, ఈ దెబ్బ సరిగ్గా తగిలింది. 2009లో డ్రెస్డెన్‌లో థామస్ హమ్మెల్ బృందం చేసిన ఆ మొదటి అధ్యయనం చిన్నది, అందులో మీరు చెప్పిన లోపం ఉంది. కానీ అక్కడితో ఆగలేదు. 2014లో జర్మనీలో పలు కేంద్రాల్లో కలిపి చేసినదాంట్లో అందరూ వాసన చూశారు, కొందరికి గాఢమైనది, కొందరికి చాలా పలుచన చేసినది. అంటే పలుచనది ఉత్తుత్తి మందు లాంటిదే. గాఢమైన గుంపుకి ఎక్కువ మెరుగు కనిపించింది, అదీ వాసన పోయి ఏడాది దాటనివాళ్ళలో. పెద్ద అద్భుతం కాదు. ఖర్చు వంద రూపాయల లోపు, హాని దాదాపు లేదు, అందుకే నా తూకం అటు మొగ్గుతుంది. వాసన సాధనతో తప్పకుండా వస్తుందని రోగికి నేను ఎప్పుడూ చెప్పను.

లెక్కల_మాస్టారు:
ఇప్పుడు చెప్పిన మాట ఒప్పుకుంటాను. నా అభ్యంతరమల్లా ఈ సాధన కిట్లు అని వేలకి వేలు పెట్టి అమ్మేవాళ్ళ మీద.

వైజాగ్_అత్తమ్మ:
వాము వేయించి గుడ్డలో మూట కట్టి పీల్చితే ఒక్క రోజులో ముక్కు తెరుచుకుంటుంది. జిందా తిలిస్మాత్ ఆవిరి కూడా. మా ఇంట్లో అందరికీ అదే. పిల్లాడికి బామ్ వాసన తెలుస్తుంటే కొంత ఉన్నట్టే కదా?

ముక్కుసూటి:
కాదు అత్తమ్మగారూ, ఇక్కడే చాలామంది పొరపడతారు. బామ్, కర్పూరం, మెంథాల్ లాంటివి ముక్కులో చల్లగా, ఘాటుగా తగులుతాయి, అది ముఖంలోని స్పర్శ నరం పని, వాసన నరం పని కాదు. వాసన పూర్తిగా పోయినవాడికి కూడా బామ్ తెలుస్తుంది. ఇంట్లో చూడాలంటే కళ్ళు మూయించి కాఫీ పొడి, కొబ్బరినూనె, సబ్బు పెట్టి అడగండి. వాము మూట జలుబుతో ముక్కు మూసుకుపోయినప్పుడు హాయిగా ఉంటుంది, వైరస్ పాడు చేసిన పొరకి మందు కాదు. ముక్కులో నూనెలు, జింక్ జెల్లు మాత్రం ఎవరూ పోసుకోవద్దు. జైకామ్ అని ముక్కులో రాసే జింక్ మందు వాడినవాళ్ళకి ఉన్న వాసనే పోతోందని 2009లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది.

హాస్టల్_పిల్ల:
మీరంతా మందు గురించి కొట్టుకుంటున్నారు, వాసన లేకుండా బతకడం ఎలా ఉంటుందో ఎవరూ మాట్లాడరు. నాకు 2021 సెకండ్ వేవ్‌లో పోయింది, ఆ మిగిలిన నాలుగైదు శాతంలో నేనున్నాను. "కళ్ళు పోలేదుగా, దేవుడు చల్లగా చూశాడు" అనే చుట్టాల మాట విని విని విసుగొచ్చింది. నా ఒంటి నుంచి చెమట వాసన వస్తోందేమో తెలియక రోజుకి రెండుసార్లు స్నానం, అయినా పక్కవాళ్ళు కాస్త జరిగితే మనసు అక్కడే ఉంటుంది. గ్యాస్ లీకైతే తెలియదు, సిలిండర్‌లో కంపు కోసం కలిపే మెర్కాప్టాన్ నా ముక్కుకి లేనట్టే, అందుకే గదిలో డిటెక్టర్ పెట్టించుకున్నాను. పాలు విరిగాయో లేదో రూమ్మేట్ చెప్పాలి. సాధన చాన్నాళ్ళు చేశాను, నిమ్మ ఒక్కటి లీలగా తెలుస్తుంది, అంతే.

ఇప్పుడు కొన్ని క్లినిక్కుల వాళ్ళు పీఆర్‌పీ ఇంజెక్షన్లు అంటున్నారు, మన రక్తమే తీసి, అందులో ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని ముక్కు లోపల ఇస్తారట. దాని సంగతి చెప్పండి.

ముక్కుసూటి:
అమెరికాలో ఒక చిన్న ట్రయల్ జరిగింది, ఇరవై ఆరు మంది. రెండు వారాల ఎడంతో మూడు ఇంజెక్షన్లు, మూడు నెలలకి పీఆర్‌పీ గుంపులో సగానికి పైగా మెరుగుపడ్డారు, సెలైన్ గుంపులో పదో వంతు కూడా లేరు. ఆసక్తిగానే ఉంది, కానీ ఇరవై ఆరు మందితో దేశమంతా ప్యాకేజీలు అమ్మేయకూడదు. చేయించుకోవాలనుకుంటే ట్రయల్ నడుస్తున్న చోట ఉచితంగా చేయించుకోండి. అడ్వాన్సు కట్టించుకునే చోట వద్దు.

లెస్టర్_లక్ష్మి:
తినడం మానేసిన పిల్లాడి గురించి ఎవరూ పట్టించుకోలేదు, నాకు అదే ముఖ్యం. ఇక్కడ బ్రిటన్‌లో ఫిఫ్త్ సెన్స్ అనే ఛారిటీ, ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ వాళ్ళు కలిసి 2022లో తల్లిదండ్రులకి సూచనలు ఇచ్చారు. పిల్లలు ఉన్నట్టుండి తిండికి మొరాయిస్తే అది మొండితనం కాకపోవచ్చు, వాసనలు వికృతమై ఉండొచ్చు అని. కాఫీ, ఉల్లి, వెల్లుల్లి, వేయించిన మాంసం, గుడ్డు, ఇవే ఎక్కువమందిని ఏడిపించేవి. వేడి వేడి కూరలకంటే చల్లారినవి తేలిక. మన ఇంట్లో పెరుగన్నం, అరటిపండు, ఇడ్లీ ఉన్నాయి, దేవుడి దయ. తినేటప్పుడు ముక్కు మూసుకున్నా నష్టం లేదు. "తినకపోతే చూడు" అని బెదిరించొద్దు బాబూ.

పాలమూరు_నాన్న:
అక్కా, ఇది పనికొచ్చే మాట. మా అమ్మాయిని మేం అట్లనే తిట్టేవాళ్ళం. కానీ మాత్రల విషయంలో నా మాట నాదే.

ముక్కుసూటి:
ఉంచుకోండి అన్నా. ఇంతకీ కావలి కుర్రోడు గారూ, ఇద్దరు డాక్టర్లలో ఎవరైనా ముక్కులోకి ఎండోస్కోప్ పెట్టి చూశారా? ఒక పక్కే వాసన పోవడం, రక్తం, ముక్కు ఎప్పుడూ మూసుకుని ఉండటం, అంతకు ముందు బండి మీద నుంచి పడి తలకి దెబ్బ తగలడం, ఇలాంటివి ఏమైనా ఉన్నాయా? పుట్టినప్పటి నుంచీ వాసన లేకపోవడం, పదహారొచ్చినా గొంతు మారకపోవడం ఉంటే అది కాల్‌మన్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే హార్మోన్ల లోపం కావచ్చు, దాని దారి వేరే.

కావలి_కుర్రోడు:
గొంతు ఎప్పుడో మారింది, చిన్నప్పుడు బిర్యానీ వాసనకి పక్కింటికి పరిగెత్తేవాడు. తలకి దెబ్బలేం లేవు. ఎండోస్కోపీ ఎవరూ చేయలేదు. ముక్కు దిబ్బడ మాత్రం జ్వరం ముందు నుంచే ఉంది, ధూళి పడదు, రాత్రుళ్ళు నోటితో ఊపిరి పీలుస్తాడు. ఇది చెప్పాలని ఎవరికీ తట్టలేదు.

ముక్కుసూటి:
అయితే ఇంతసేపూ మనం కొట్టుకున్న ప్రశ్నే మారిపోవచ్చు. లోపల పాలిప్స్ (ముక్కులో పెరిగే మెత్తని కండలు) గానీ గట్టి అలర్జీ గానీ ఉంటే గాలి వాసన పొర దాకా వెళ్ళడం లేదన్నమాట. అలాంటప్పుడు స్టెరాయిడ్ స్ప్రేకి, పాలిప్స్ పెద్దవైతే కొద్దిరోజుల మాత్రలకి కూడా, అర్థం ఉంది. అయితే కంపు వాసనలు మధ్యలో మొదలయ్యాయంటే వైరస్ పని కూడా ఉన్నట్టే, రెండూ కలిసి ఉండొచ్చు. మాత్రలు రాసిన డాక్టరు గారు ఈ దిబ్బడ చూసే రాశారేమో, ముందు ఆయన్నే అడగండి.

పాలమూరు_నాన్న:
చూశారా, నేను చెప్పలే?

లెక్కల_మాస్టారు:
మీరు చెప్పింది అది కాదు పటేలా. మీరు చూడకుండా వాడమన్నారు, ఆయన చూసి వాడమంటున్నాడు.

కావలి_కుర్రోడు:
సోమవారం ఎండోస్కోపీకి తీసుకెళ్తున్నాం. అప్పటిదాకా అత్తరు, లవంగం, నిమ్మతొక్క, నీలగిరి నూనె నాలుగు సీసాల్లో దూదితో పెట్టి ఇచ్చాం, పొద్దునా రాత్రీ ఒక్కోటి ఇరవై సెకన్లు. వాడికి ఇదంతా కామెడీగా ఉంది. ఒక సందేహం, నీలగిరి నూనె ఘాటు కళ్ళకి తగులుతోంది అంటున్నాడు, బామ్ లాగే అది కూడా ఆ స్పర్శ నరం పనేనా?

ముక్కుసూటి:
కొంతవరకు అవును, దానికి రెండూ ఉన్నాయి. చుక్క తగ్గించి, సీసా కాస్త దూరంగా పెట్టండి. కళ్ళు మండుతుంటే దాని బదులు ఏలకులు పెట్టినా నడుస్తుంది.